ఆ పాటకు కర్తలు ఇద్దరు

పోయిన వేసవిలో కాకినాడలో పిల్లలకు అన్నమయ్య కీర్తనల పోటీ పెట్టారని తెలిసి మా మేనకోడలిని తీసుకెళ్లాను. పన్నెండేళ్ల పిల్ల. మూడేళ్లుగా పక్క వీధిలో ఒక టీచర్ దగ్గర నేర్చుకుంటోంది. తన వంతు రాగానే ‘నానాటి బదుకు నాటకము’ ఎత్తుకుంది. రెండు మాటలు పాడిందో లేదో హాల్లో జనం ఒకరి మొహం ఒకరు చూసుకోవడం మొదలుపెట్టారు. అందరి చెవుల్లో ఉన్న వరస అది కాదు. వాళ్ల టీచర్ ముఖారి రాగంలో కట్టుకుని నేర్పిన వరస. పిల్లకు లోపల టెన్షన్ ఉన్నా తొణకలేదు. మూడు చరణాలూ శ్రుతి తప్పకుండా పాడి దణ్ణం పెట్టి నిలబడింది.

న్యాయనిర్ణేతల్లో పెద్దాయన మైకు దగ్గరకు లాక్కుని, ఎంతో ఆప్యాయంగానే అన్నారు: “గొంతు చక్కగా ఉందమ్మా. కానీ ఈ పాట రేవతి రాగం. అన్నమయ్య ఏ రాగంలో పాడాడో ఆ రాగంలోనే మనం పాడాలి. మార్చకూడదు. మీ టీచర్‌తో చెప్పు, సరేనా?” పిల్ల ఆయనకు తల ఊపి, నా వైపు చూసింది.

ఇంటికొచ్చి చెప్పులు విప్పి తిన్నగా బీరువా దగ్గరకు వెళ్లాను. టీటీడీ వాళ్లు అచ్చు వేసిన అధ్యాత్మ సంకీర్తనల సంపుటం తీసి పాట వెతికాను. పాట నెత్తిన రాగం పేరు ఉంది: ముఖారి.

ఆయన మీద నాకు కోపం రాలేదు. ఆ హాల్లో కూర్చున్న వందమందిలో తొంభైమంది అదే అనుకుని ఉంటారు. నేనూ చాలా ఏళ్లు అలాగే అనుకున్నాను. రేవతి వరస ఆ మాటలకు అంతగా అతుక్కుపోయింది. అది విడిగా పుట్టిందని, దాన్ని ఒక మనిషి కూర్చుని కట్టాడని ఎవరికీ తట్టదు. ఆ మనిషి నేదునూరి కృష్ణమూర్తి గారు. 1927లో పిఠాపురం దగ్గర కొత్తపల్లిలో పుట్టారు. ఆ హాలు నుంచి బస్సెక్కితే ఎంతో సేపు పట్టని ఊరు. 2014లో పోయారు. ఆ రోజు సాయంత్రం మొత్తంలో ఆయన పేరు ఒక్కసారి కూడా వినిపించలేదు. ఆయన వరస ఒక్కటే నిలబడి, పిల్ల పాడింది తప్పని చెప్పింది.

అప్పటి నుంచి నా మనసులో నలుగుతున్న మాట ఇది. మనం ఇవాళ వింటున్న అన్నమయ్య పాటకు కర్తలు ఇద్దరు. ఒకాయన 1503లో పోయారు. రెండో ఆయన మన కాలం మనిషి. పాట పాడే ముందు ఇద్దరి పేర్లూ చెప్పాలి.

రాగిరేకుల మీద ఏముంది?

అన్నమయ్య పాటలను ఆయన వంశం వాళ్లు రాగిరేకుల మీద చెక్కించి, తిరుమల గుడిలో సంకీర్తన భండారం అనే గదిలో దాచారు. అవి బయటికొచ్చిన కథంతా ఇక్కడ చెప్పను. ఒక్క విషయం మాత్రం గుర్తుచేస్తాను. ఆ రేకుల మీద పాట ఉంది, పాటకు రాగం పేరు ఉంది. తాళం పేరు లేదు. స్వరం లేదు. ఏ మాట దగ్గర గొంతు పైకి వెళ్లాలో, ఎక్కడ ఆగాలో, పల్లవిలోకి ఎలా తిరిగి రావాలో చెప్పే గుర్తు ఒక్కటీ లేదు.

త్యాగరాజు సంగతి వేరు. వాలాజాపేట, ఉమయాళ్పురం, తిల్లైస్థానం శిష్యులు గొంతు నుంచి గొంతుకు అందించారు. పాఠాల్లో తేడాలు ఉండొచ్చు గానీ తెగని దారం ఒకటుంది. ముత్తుస్వామి దీక్షితుల కృతులను సుబ్బరామ దీక్షితులు స్వరంతో సహా 1904లో ఎట్టయాపురంలో అచ్చు వేయించారు, అదీ తెలుగు లిపిలో. అన్నమయ్యకు ఆ అదృష్టం లేదు. ‘జో అచ్యుతానంద’ లాంటిది ఉయ్యాల పక్కన అమ్మమ్మల నోట నిలిచింది. మిగతా వేల పాటల్లో చాలావాటికి పాడే గొంతు లేకుండా పోయింది.

రాగం పేరు ఉందిగా, దాన్నిబట్టి కట్టుకోవచ్చుగా అంటారు. మా మేనకోడలి టీచర్ చేసిందీ అదే. కానీ అక్కడా ఒక చిక్కు ఉంది. రామామాత్యుడు 1550లో రాసిన స్వరమేళకళానిధి అనే సంగీత గ్రంథంలో ముఖారి అంటే అన్నీ శుద్ధస్వరాలుండే మేళం (రాగాలకు మూలమైన స్వరాల వరుస), ఇవాళ మనం కనకాంగి అనే దానికి దగ్గరిది. ఇవాళ కచేరీల్లో వినే ముఖారి ఖరహరప్రియ కింద చెప్పుకునే రాగం. పేరు ఒకటే, రాగం మారిపోయింది. వేంకటమఖి 72 మేళాల చట్రం బిగించింది అన్నమయ్య పోయాక వందేళ్లు దాటిన తర్వాత. ఇక రేకుల మీద కనిపించే కొండమలహరి, అమరసింధు, తెలుగు కాంభోది లాంటి పేర్లను ఇవాళ ఎవరు పాడి వినిపించగలరు? కాబట్టి పోటీలో పిల్ల పాడింది అన్నమయ్య ముఖారి అని కూడా నేను అనను. అది వాళ్ల టీచర్ ముఖారి. ‘అన్నమయ్య ఏ రాగంలో పాడాడో అదే’ అనే దారి ఏనాడో మూసుకుపోయింది.

ఆ మూసుకుపోయిన చోట కొందరు కూర్చుని పని చేశారు. రేకుల మీది పాటలను చదివి అచ్చుకు సిద్ధం చేస్తున్న వేటూరి ప్రభాకరశాస్త్రి గారు 1950లో కన్నుమూశాక ఆ పని రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారి చేతికి వచ్చింది. మైసూరులో తెలుగు పాఠాలు చెప్పిన మనిషి, ప్రాకృత గాథాసప్తశతిని తెలుగు పద్యాల్లోకి తెచ్చిన కవి, పైగా సంగీతం వచ్చినవారు. పాఠం పరిష్కరించే కన్నూ, వరస వినే చెవీ ఒక్కరిలోనే ఉండటం మన భాగ్యం. వందకు పైచిలుకు పాటలకు స్వరం కట్టారు. 1979 మార్చి 11న టీటీడీ ఆస్థాన విద్వాంసుడి గౌరవం అందిన రోజే ఆయన పోయారు.

ఆ తర్వాత నేదునూరి గారు వందకు పైగా కట్టారు. ఆయన శిష్యుడు గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ గారు 1978 నుంచి అన్నమాచార్య ప్రాజెక్టులో ఉండి 600కు పైగా కట్టారు. ‘వినరో భాగ్యము విష్ణుకథ’, ‘జగడపు చనవుల జాజర’ ఆయన వరసలే. మంగళంపల్లి వారు, ఇంకా ఎందరో కట్టారు.

ముఖారిలో ఏడుపు, రేవతిలో నిబ్బరం

వరస కట్టడం అంటే ఉన్న పాటకు బట్ట తొడగడం లాంటిదే కదా, దానికి కర్త అనే పెద్దమాట ఎందుకు అని ఒక స్నేహితురాలు అడిగింది. పోటీ జరిగిన రాత్రి మా మేనకోడలిని డాబా మీద కూర్చోబెట్టి ఆ పాటను రెండు రకాలుగానూ పాడించాను. ఆ రాత్రి విన్నదే ఆ స్నేహితురాలికి నా జవాబు.

‘పుట్టుటయు నిజము పోవుటయు నిజము.’ ముఖారిలో పాడినప్పుడు అది ఇంట్లో మనిషి పోయాక పదో రోజున అరుగు మీద కూర్చున్నవాళ్ల మాటలా ఉంది. ‘పోవుటయు’ దగ్గర గొంతు జారుతుంది. తెలిసిన నిజమే అయినా మనసు ఒప్పుకోని బాధ అందులో ఉంది. అదే రేవతిలో పాడింది. రేవతిలో గాంధారం లేదు, ధైవతం లేదు. షడ్జం పక్కనే ఆనుకుని శుద్ధ రిషభం. వేదం చదువుతున్నప్పుడు చెవికి తగిలే గాలి ఏదో అందులో ఉంటుంది. ఇప్పుడు అవే మాటలు దుఃఖం దాటినవాడు చెబుతున్నట్టున్నాయి. పుట్టుక నిజం, చావు నిజం, మధ్యలో ఈ పని నాటకం. ఉన్నది ఉన్నట్టు చెప్పి ఊరుకున్నాడు.

పిల్ల పాడటం ఆపి అడిగింది. “అత్తా, మొదటిదాంట్లో ఆయన ఏడుస్తున్నాడు. రెండోదాంట్లో ఏడవట్లేదు. ఇంతకీ ఆయన ఏడ్చాడా, లేదా?”

నాకు తెలియదన్నాను. కాగితం మీది మాటల్ని బట్టి తేల్చగలిగేది కాదు అది. తేల్చింది నేదునూరి గారు. ఇది ఏడుపు పాట కాదని ఆయన అనుకున్నారు. ఆయన అలా అనుకున్నారు కాబట్టి తెలుగువాళ్లందరికీ అది నిబ్బరపు పాట అయింది. ఒక పాటకు అర్థం నిర్ణయించినవాణ్ణి కర్త అనక ఇంకేమంటాం?

‘ఏమొకో చిగురుటధరమున’ చూడండి. నేదునూరి గారు దాన్ని తిలంగ్‌లో కట్టారు. తిలంగ్ మనం హిందుస్థానీ నుంచి తెచ్చుకున్న రాగం, రాగిరేకుల మీద ఆ పేరే కనిపించదు. చెలి పెదవి మీద అక్కడక్కడా అంటుకున్న కస్తూరిని చూసి, ఇది ఆమె తన విభుడికి రాసిన ఉత్తరం కాదు కదా అని సఖి ఆరా తీసే పాట అది. ఆ కొంటెతనం తిలంగ్‌లో ఎంత హాయిగా ఒదిగింది! పదిహేనో శతాబ్దపు పాటకు ఈ రాగం ఎందుకని ఎవరూ అడగలేదు, అడగనవసరం కూడా లేదు. కానీ అది ఒక సంగీతకారుడు చేసిన సాహసం. ఆ సాహసం ఆయన పేరు మీదే ఉండాలి.

ఎనిమిది మాత్రలు

ఇంతవరకూ రాసి రెండు రోజులు ఆగాను. నా వాదం మరీ ఏకపక్షంగా పోతోందేమో అనిపించింది. వరస కట్టినవాళ్లకు అన్నమయ్య ఏమీ ఇవ్వలేదా? వట్టి మాటలే ఇచ్చాడా?

సంపుటం మళ్లీ తెరిచి ఈసారి వేళ్ల మీద మాత్రలు లెక్కపెట్టాను. పొట్టి అక్షరానికి ఒక మాత్ర, దీర్ఘానికీ ఒత్తక్షరం ముందున్న అక్షరానికీ రెండు. మీరూ లెక్కపెట్టండి. ‘నానాటి బదుకు’, ఎనిమిది మాత్రలు. తొమ్మిదో మాత్ర మీద ‘నాటకము’లోని నా పడుతుంది. ‘కానక కన్నది’, ఎనిమిది. తొమ్మిదో దాని మీద ‘కైవల్యము’. ‘పుట్టుటయు నిజము’, ఎనిమిది. తర్వాత ‘పోవుటయు’. ‘కుడిచేదన్నము’, ఎనిమిది. తర్వాత ‘కోక’. యతి, అంటే పాదం మొదటి అక్షరానికి జోడీగా మధ్యలో వచ్చే అక్షరం, ఎక్కడ పడిందో అక్కడే తాళం దెబ్బ. తాళం పేరు రేకు మీద చెక్కలేదు గానీ నడక మాటల్లోనే దాగుంది.

‘యెట్టనెదుట గలదీ ప్రపంచము’ దగ్గర నాకు కాసేపు లెక్క కుదరలేదు. యతి కనిపించలేదు. తర్వాత వెలిగింది. ‘గలదీ’ అంటే గలది, ఈ. ‘యెట్టనెదుట గల’ ఎనిమిది మాత్రలు, తొమ్మిదో దాని మీద ‘దీ’. ఆ దీర్ఘంలో ‘ఈ’ దాక్కుని ఉంది, మొదటి ‘యె’కు అదే యతి. సంధిలో కలిసిపోయిన అచ్చు మీద కూడా ఆయన నడక తప్పలేదు. అర్ధరాత్రి దాటాక అది చూసి ఒళ్లు పులకరించింది. ఐదొందల ఏళ్ల కింద ఒకాయన వేసిన తాళం నా వేళ్ల మీద దొరికింది.

కాబట్టి కొంచెం దిద్దుకుంటున్నాను. వరస కట్టినవారు శూన్యంలోంచి కట్టలేదు. కవి పాదాల్లో నడకను పెట్టి వెళ్లాడు, వీళ్లు దాన్ని విని పట్టుకున్నారు. సాహిత్యం చదవగలిగిన సంగీతకారులకే అది సాధ్యం. రాళ్లపల్లి వారు కవి కావడం ఇక్కడ అక్కరకొచ్చిన సంగతి. నేదునూరి గారి వరసల్లో మాట మధ్యలో విరగకుండా ఉండటం నాకు మొదటి నుంచీ ఇష్టం, ఇప్పుడు అది ఎంత పనో అర్థమైంది. అయినా నడక దొరికినంత మాత్రాన పాట దొరకదు. అవే ఎనిమిది మాత్రల మీద ఏడవొచ్చు, నిబ్బరంగానూ ఉండొచ్చు. డాబా మీద రెండూ విన్నాను కదా.

దేవుడి పాటకు పేర్ల లెక్కలేంటి?

ఈ మాట మా దొడ్డమ్మది. ఎనభై ఏళ్ల మనిషి, రోజూ పొద్దున్నే దీపం పెట్టి రెండు కీర్తనలు పాడుకుంటుంది. ఈ గొడవంతా చెబితే సాంతం విని, “వాళ్లు అడిగారుటే పేరు? స్వామికి పూలు కట్టినవాడు దండ మీద పేరు రాసుకుంటాడా?” అంది.

నాకు వెంటనే జవాబు తోచలేదు. ఈ పని చేసినవాళ్లు దాన్ని సేవగా తలిచారనడంలో సందేహం లేదు. అన్నమయ్య కూడా పాట చివర వేంకటేశ్వరుడి పేరే పెట్టాడు గానీ తన పేరు పెట్టుకోలేదు.

కానీ ఆ రాగిరేకులే ఇంకో మాట చెబుతున్నాయి. మొదటి రేకు మీద ఏముందో చూడండి. తాళ్లపాక అన్నమాచార్యులు అనే పేరు ఉంది. ఆయన పుట్టిన పదహారేళ్లకు శక 1346 క్రోధి సంవత్సరంలో స్వామి ప్రత్యక్షమయ్యాడని, అప్పటి నుంచి శక 1424 (అంటే ఆయన పోయిన 1503) దుందుభి ఫాల్గుణ బహుళ ద్వాదశి దాకా ఆయన పాడిన సంకీర్తనలు ఇవని, తిథితో సహా చెక్కించారు. పాట స్వామిదే, అయినా పాడినవాడు ఎవరో, ఎప్పటి నుంచి ఎప్పటి దాకా పాడాడో లోకానికి తెలియాలని ఆయన వంశం వాళ్లు అనుకున్నారు. రాగి మీద చెక్కించారు కాబట్టే ఇవాళ మనకు అన్నమయ్య ఉన్నాడు. కవి పేరు విషయంలో వాళ్లు తీసుకున్న ఆ శ్రద్ధే స్వరకర్త పేరు విషయంలో మనం తీసుకోవాలంటున్నాను. దొడ్డమ్మకు ఇది చెబితే కాసేపు ఊరుకుని, “మరి నేను పొద్దున పాడే రెండూ ఎవరు కట్టారో చూసి చెప్పు” అంది. ఒకదానికి పేరు దొరికింది. రెండోదానికి ఎంత వెతికినా దొరకలేదు.

మన కాపీరైటు చట్టం కూడా సాహిత్యాన్నీ సంగీతాన్నీ రెండు వేరువేరు రచనలుగా చూస్తుంది. హక్కు ఎవరి చేతికి వెళ్లినా, ఇది నా రచన అని చెప్పుకునే హక్కు కర్తకే ఉంటుందని 57వ సెక్షన్ చెబుతుంది. చట్టం సంగతి ఇక్కడితో ఆపుతాను. నాకు కావలసింది కోర్టు తీర్పు కాదు, మైకు ముందు ఒక వాక్యం.

పేరు చెబితే పాట గడ్డకడుతుందా?

నన్ను ఎక్కువగా ఆలోచనలో పడేసిన అభ్యంతరం ఇది. స్వరకర్త పేరు తగిలిస్తే ఆ వరసకు అధికారం వచ్చేస్తుంది, ‘ఇది ఫలానావారి స్వరం, ముట్టుకోకూడదు’ అంటారు, కొత్తవాళ్లు కట్టడం మానేస్తారు అని ఒక సంగీతం మాస్టారు అన్నారు. స్వరం లేకపోవడమే అన్నమయ్య పాటకు వరమని, ప్రతి తరం మళ్లీ కట్టుకోవచ్చని ఆయన నమ్మకం. ఆ నమ్మకం నాకూ నచ్చింది.

కానీ పోటీలో జరిగింది చూస్తే వ్యవహారం తిరగబడి ఉంది. పేరు చెప్పకపోవడం వల్లనే రేవతి వరస ‘అన్నమయ్య వరస’ అయిపోయి, ముట్టుకోరానిదైంది. అది నేదునూరి గారి స్వరం అని ఆ పెద్దాయనకు తెలిసి ఉంటే, పిల్ల పాడింది ఇంకొకరి స్వరమని ఆయనకు తట్టేది. బాగుంటే బాగుందనేవారు, లేకపోతే రేవతిలోనే బాగుందని చెప్పేవారు. పిల్ల దాన్ని తీసుకునేది. ‘మార్చకూడదు’ అనే మాట మాత్రం వచ్చేది కాదు. ఒక మనిషి కట్టాడని తెలిస్తేనే ఇంకో మనిషికి కట్టే ధైర్యం వస్తుంది.

2025 మార్చి 9న బాలకృష్ణప్రసాద్ గారు తిరుపతిలో పోయారు. ఆ సాయంత్రం మా వాట్సాప్ గ్రూపులో ఒకరి తర్వాత ఒకరు పాటలు పెట్టారు. ఒక బంధువు ‘అన్నమయ్య పాటలు ఎంత బాగా పాడేవారో’ అని రాశాడు. ఆ పెట్టిన పాటల్లో కొన్ని ఆయన కట్టినవి కూడా, కట్టి పాడారు అని నేను రాశాను. పది నిమిషాలు ఎవరూ ఏమీ రాయలేదు. తర్వాత మా పెదనాన్న కొడుకు రాశాడు: “జాజర పాట ఆయన కట్టిందా? చిన్నప్పటి నుంచీ పాడుతున్నానే. అన్నమయ్యదే అనుకున్నా.” పక్కనే దణ్ణం బొమ్మ పెట్టాడు. ముప్పై ఏళ్లుగా ఆయన వరస పాడుతూ, ఆ వరస ఆయనదని వీడికి తెలిసింది ఆయన పోయిన రోజున. మా ఇంట్లో పాత క్యాసెట్ల మీద ‘స్వరకల్పన’ అని చిన్న అక్షరాల్లో ఒక వరుస ఉండేది. ఇప్పుడు ఫోన్‌లో వింటున్నాం. బొమ్మ కనిపిస్తుంది, పాడినవారి పేరు కనిపిస్తుంది, అది ఉంటే అదే చాలనుకుంటాం.

స్వరకర్త తెలియకపోతే తెలియదని చెప్పొచ్చు, అందులో తప్పేమీ లేదు. ఇద్దరు ముగ్గురి చెయ్యి పడిన వరసలున్నాయి, పాడినవారి గొంతులో సంగతులు పెరిగిన వరసలున్నాయి. ఆ సందేహం కూడా చెప్పొచ్చు.

పోయిన వారం ఇంకో పోటీకి దరఖాస్తు తెచ్చారు. పాట పేరు, రచయిత, రాగం, తాళం అని నాలుగే గళ్లున్నాయి. మా మేనకోడలు మళ్లీ అదే పాట ఎంచుకుంది, మళ్లీ ముఖారిలోనే. రచయిత గడిలో అన్నమాచార్యులు అని రాసి, వాళ్ల టీచర్‌కు ఫోన్ చేసి, “టీచర్, మీ పూర్తి పేరు చెప్పండి” అని అడిగింది. అవతల ఆవిడ వద్దంటున్నట్టు వినిపిస్తూనే ఉంది. పిల్ల చెవికి ఫోన్ ఆనించుకుని, రచయిత గడి కింద మిగిలిన సందులో ‘స్వరం’ అని పెన్సిల్‌తో రాసి, గీత గీసి, పేరు కోసం ఎదురు చూస్తోంది.